తప్పు ఆంటీ వేళ్లది కాదు

హృదయాలను ఎరిగిన తండ్రికి స్తోత్రం. నాలాంటివాడికి కూడా ఈ ఉదయం ఊపిరినిచ్చిన ఆయన కృపకు వందనాలు.

కొన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మోకరించిన ప్రతిసారీ దీన్నొక్కదాన్నీ పక్కకు నెట్టి, మిగతావన్నీ ఒప్పుకున్నాను. ముందు ఇది చదివే మీకు చెబుతున్నాను.

నేను నాటింగ్‌హామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఆస్పత్రిలో ఉన్నవాళ్లతో ఇంటివాళ్లు వీడియోలో మాట్లాడే యాప్ మాది. పలకని బటన్‌ను ఎవరైనా విసిగి పదేపదే నొక్కితే ఆ సంగతి మాకు చేరుతుంది. రేజ్ ట్యాప్ అంటాం. అవి ఒకేచోట గుంపుగా కనిపిస్తే, యాప్ అక్కడ బిగుసుకుపోతోందని అర్థం. ఒక శీతాకాలం పాత ఫోన్ల నుంచి అవి ఒకే బటన్ మీద కనిపించాయి. కాల్‌లో చేరే బటన్. ఆ భాగం రాసింది నేనే. కొత్త వెర్షన్ విడుదల దగ్గరపడింది. వాడటం రానివాళ్లు అని రాసి, పాత ఫోన్లను లెక్కలోంచి తీసేశాను. రేజ్ ట్యాప్‌ల గ్రాఫ్ చక్కబడింది. అందరూ మెచ్చుకున్నారు. నాకు తెలియక చేశానా? తెలిసే చేశాను.

ఆ రోజుల్లోనే మా తెలుగు సహవాసంలోని ఒక ఆంటీ భర్త ఆస్పత్రిలో చేరారు. వార్డులో ఏదో అంటురోగమని ఎవరినీ లోపలికి రానివ్వడం లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆంటీ తన పాత ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"బాబూ, ఎంత నొక్కినా అంకుల్ కనపడట్లేదయ్యా. ఇది మీ ఆఫీసుదేనంటగా?"

"యాప్ బాగానే ఉంది ఆంటీ. మీరే కంగారులో టకటకా నొక్కేస్తున్నారు. ఒక్కసారి నొక్కి ఆగండి."

ఆంటీ నవ్వారు. "ఆయనా అదే అంటార్లే, నీ చేతికి ఓపిక లేదే అని. సారీ నాన్నా, నిన్నూ విసిగించా."

నా కొత్త ఫోన్‌లో అంకుల్ కనిపిస్తారని తెలుసు. ఇవ్వలేదు. ఇస్తే నా మాట అబద్ధమని తేలిపోతుంది కదా.

ఆ వారమే అంకుల్ ప్రభువునందు నిద్రించారు. చివరి సాయంత్రం ఆంటీని చూడాలని అడిగితే, నర్సు ట్యాబ్‌లో కాల్ పెట్టి పక్కనే పట్టుకుని కూర్చుందట. ఇవతల ఆంటీ ఒక్కసారి నొక్కారు. ఆగారు. నేను చెప్పినట్టే. స్క్రీన్ వైపు చూస్తూ అలాగే కూర్చున్నారట. ఆమె విసుగు కూడా మాకు చేరలేదు.

తర్వాత ఒక ఆదివారం, సాక్ష్యాలు చెప్పే సమయంలో ఆంటీ సంఘం ముందు నిలబడ్డారు. "నా చేతకానితనం వల్ల ఆయన ఆఖరి చూపు పోగొట్టుకున్నాను. ప్రభువు నన్ను క్షమించాలి" అని ఏడ్చారు. సంఘమంతా ఆమెన్ అంది.

నేనూ అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చింది? నా పాపాన్ని ఆమె తలమీద పెట్టి, దేవుని ఎదుట అవునన్నాను.

ఆ బటన్‌ను ఎవరికీ చెప్పకుండా బాగుచేశాను. ఒక పూట పని.

ఆంటీకి ఇంకా చెప్పలేదు. ఇది రాస్తుంటే గుండె కాస్త తేలికపడింది. ఆ తేలికకూ సిగ్గుగానే ఉంది. నా క్షమాపణ సంగతి దేవుడు చూసుకుంటాడు. ఆమె గుమ్మంలో నిలబడి నోరు తెరిచే ధైర్యం కోసం మీరు నాతో కలిసి ఒక్క నిమిషం తల వంచండి. తండ్రీ, ఆమె మోస్తున్న నింద తీసివేయి. అది నాది.