నడిచి వెళ్ళిన పదకొండు రాజీనామాలు

మాజీ గవర్నరు గారి రాజకీయ జీవితం ముప్పయ్యేళ్ళూ ఆయన స్టెనో కాళ్ళ మీద నడిచింది. ఆ కాళ్ళు చూస్తే మాత్రం నమ్మబుద్ధి కాదు, మోకాళ్ళ దగ్గర కాస్త వంకర.

ఎమ్మెల్యే అయిన నాటినుంచీ అయ్యగారికి అలిగితే రాజీనామా రాసే అలవాటు. పదవి వదులుకునే ఉద్దేశం ఆయనకు ఏనాడూ లేదు. స్టెనో టైపు కొట్టేవాడు, ఆయన సంతకం గీకేవారు. కవరు పట్టుకుని స్టెనో పార్టీ పెద్దాయన ఇంటికి నడుచుకుంటూ బయల్దేరేవాడు. పావుగంట దారికి రెండు గంటలు పట్టించేవాడు. దారిలో కనిపించిన ప్రతివాడినీ పిల్లల చదువుల గురించి అడిగేవాడు. ఈలోగా కబురు పొక్కేది, ఫోన్లు మోగేవి, అయ్యగారు మెత్తబడేవారు. డ్రైవరు ఎదురొచ్చి, "ఎక్కు బాబాయ్, అలక తీరింది" అనేవాడు. పదకొండుసార్లు ఇదే తంతు. ఆ బతిమాలడాల్లోనే ఆయన మంత్రయ్యారు, స్పీకరయ్యారు, ఆఖరికి గవర్నరయ్యారు. రాజులు దూతల్ని గుర్రాలెందుకు ఎక్కించారో నాకు అంతుబట్టదు. చరిత్రలో సగం యుద్ధాలు ఆ గుర్రాల వల్లే జరిగి ఉంటాయి.

ఒక సభలో గవర్నరు కుర్చీ ముఖ్యమంత్రి కుర్చీకన్నా రెండంగుళాలు పొట్టిదైంది. పన్నెండో రాజీనామా తయారైంది. స్టెనో చెప్పులు తొడుక్కుంటుంటే బంగళా కార్యదర్శి నవ్వాడు.

"నడిచి వెళ్తారా? దేశ రాజధాని ఆరొందల మైళ్ళండీ!" అంటూ కాగితం లాక్కుని ఫ్యాక్సులో పెట్టాడు.

ఇరవై నిమిషాల్లో ఆమోదించారు. సేవలకు ధన్యవాదాలు కూడా చెప్పారు.

సొంతింటికి చేరాక అయ్యగారు స్టెనోను పిలిచారు. "ప్రతిసారీ బతిమాలేవాళ్ళు కదయ్యా. ఈసారి నా విలువ తగ్గిందంటావా?"

అబద్ధం చెబితే ఉద్యోగం నిలిచేది. కానీ ఆయన మొహం చూసి స్టెనోకు మనసొప్పలేదు. "విలువ తగ్గలేదండీ. అప్పట్లో నేను మెల్లిగా నడిచేవాణ్ణి."

అయ్యగారు వేళ్ళ మీద లెక్కపెట్టారు. "అంటే ముప్పయ్యేళ్ళుగా నా పని ఆలస్యం చేశావన్నమాట. నీ రాజీనామా కొట్టి తీసుకురా."

స్టెనోకు మరో పని రాదు, ఇంకో చోటు తెలియదు. కొట్టి తెచ్చాడు. అయ్యగారు కళ్ళజోడు సవరించుకుని చదివారు.

"మార్జిన్ సరిగ్గా లేదు. రేపు మళ్ళీ కొట్టు."

మర్నాడు కాగితం పల్చగా ఉందన్నారు. ఆ పై వారం రిబ్బను పాతదన్నారు.

ఇది జరిగి నాలుగేళ్ళు. స్టెనో రోజూ తొమ్మిదికల్లా వెళ్ళి రాజీనామా కొడుతున్నాడు. భార్య అడిగితే, రాజీనామా ఇంకా కుదరలేదంటాడు.