‘ఈడే’ అన్న మాట

ఈరోజు శుక్రవారం. మా వకీలు సారు మంగళవారం పొద్దున అనంతపురం ఆసుపత్రిలో గుండె ఆగి పోయారు. చూడ్డానికి వెళ్తే ఆయన గుమ్మంలోనే ఒకాయన నాతో అన్నాడు: “ఇంగేముందిలే టీచరమ్మా, మీ మనవని అప్పీలు గూడా ఆయప్పతోనే పాయ.” పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా మనవడు ధర్మవరంలో మగ్గం నేస్తాడు. ఒక పట్టుచీరల వ్యాపారి తల పగలగొట్టి ఎవరో చీరల మూట లాక్కుపోయారు. అరుపు విని పరుగెత్తి ఆయన్ని లేవనెత్తింది మావాడు. పోలీసులకు దొరికిందీ మావాడే. దోపిడీ, హత్యాయత్నం రుజువయ్యాయని కింది కోర్టు ఏడేళ్లు వేసింది. అప్పీలుకు ముందు వాణ్ణి నిలదీశాను. “కొట్టింటే చెప్పు. జైలుకు అన్నం తెస్తా గానీ వకీలును పెట్టను.” వాడు నా కళ్లలోకి చూసి, కొట్టలేదన్నాడు.

వకీలు సారుది విడపనకల్లు దగ్గరి పల్లె. ఏ కాగితమైనా గొంతెత్తి చదివేవారు. “పక్కాఫీసోళ్లు రేడియో తగ్గించమంటాండారు సార్” అని గుమాస్తా విసుక్కునేవాడు. “సాక్ష్యమంటే నోటిమాట గదా, చెవితోనే చదవాల” అనేవారు సారు.

వ్యాపారి సాక్ష్యాన్నీ అలాగే చదువుతూ ‘వీడే కొట్టినాడు’ అన్నచోట ఆగిపోయారు. “మన దిక్కు ‘వీడు’ అంటారా టీచరమ్మా? ‘ఈడు’ అంటారు.” మళ్లీ మెల్లగా పలికారు: “ఈడే కొట్టినాడు.” పలుకుతూనే తన తలమీద చేయి పెట్టుకున్నారు.

మాకు ‘ఈడే’ అంటే ఈ మనిషే. ‘ఈడే’ అంటే ఇక్కడే కూడా. కోర్టులో ఆ సాక్ష్యం రాసుకున్నవారు ఈ ప్రాంతంవారు కారు. మాటను దిద్ది రాశారు. ముప్పై ఏళ్లు పిల్లల పుస్తకాల్లో ‘ఈడు’ కొట్టేసి ఎర్రసిరాతో ‘వీడు’ అని రాసినదాన్ని నేను. అక్కడ నేనున్నా అదే చేసేదాన్ని. ఆ సంగతి చెబితే సారు నవ్వారు. “అయితే మీకూ ఏడేళ్లు పడాల్సిందే.”

ఆ వారమే ఇద్దరం వ్యాపారి ఇంటికి వెళ్లాం. ఆయన కుట్ల మచ్చ తడుముకున్నాడు. “దెబ్బ తగిలిన చోటు చూపిచ్చినా సామీ. ఎనక నుంచి కొట్టినోని మొగం నేను యాడ చూస్తి?” కోర్టులో రాసింది తనకు ఎవరూ చదివి వినిపించలేదట, సంతకం పెట్టమంటే పెట్టాడట. సారు ఆయన చెప్పిందంతా అఫిడవిట్‌గా రాయించి, రెండుసార్లు చదివి వినిపించి, అప్పుడు సంతకం అడిగారు.

ఇక జరగవలసినవి:

1. సారు దగ్గర పనిచేసిన వకీలమ్మ సోమవారం వకాల్తా వేయాలి. ఒప్పుకుంది.

2. హైకోర్టు పిలిస్తే వ్యాపారి రావాలి. రైల్లో నా పక్కన కూర్చోబెట్టుకుని నేనే తీసుకుపోతాను.

3. ఆ సాక్ష్యాన్ని కోర్టులో పైకి చదవాలి. ‘ఈడే’ దగ్గరికి వచ్చేసరికి, చదివేవారి చేయి తలమీదికి పోవాలి.