తూర్పు ముఖం మగ్గం

సముద్రానికి ఎంతో దూరంలోని కాశిబుగ్గలో మా ఇంట్లో కిరాయికుండి బట్టలు నేసే ఆమెను అత్తమ్మా అని పిలిచేదాన్ని; ఆమెది సముద్రపు ఒడ్డున ఓ చిన్న పట్నం. ఉప్పెన చూసిన ఆ ఊళ్లో సముద్రానికి వీపు పెట్టి ఎవరూ కూర్చోరట. అందుకే ఇక్కడ కూడా కాళ్లు దించుకునే గుంట మగ్గాన్ని తూర్పుకే తిప్పించుకుంది.

"సముద్రం ఈడిదాంక వస్తదా అత్తమ్మా?" అని నవ్వేదాన్ని.

"దానికొకరు దారి చెప్పాలా అమ్మాయ్?" అనేది, తూర్పు నుంచి చూపు తిప్పకుండా.

ఓ వానకు పడమటి నాలా పొంగింది. వెనక గుమ్మంలోంచి నీళ్లొచ్చి, ఆమె కాళ్లున్న మగ్గం గుంటలోకి దూకాయి. నేను పరుగెత్తి, చెయ్యి పట్టి పైకి లాగాను. ఆమె వెనక్కి చూసింది.

"ఇటు నుంచి కూడానా?"

మళ్లీ ఆ మగ్గంలో కూర్చోలేదు. కొన్నాళ్లకు గది ఖాళీ చేసి వెళ్లిపోయింది. వాన మొదలైతే ఆ గదిలో ఎటు తిరిగి కూర్చోవాలో నాకిప్పుడు తెలియదు.