చేతులు ఆగని పాట

మా జ్యోత్స్న ఎన్ని దేశాల్లో పాడిందో నన్నడక్కండి, నాకే లెక్క తప్పింది. సింగపూర్ నుంచి బయల్దేరే ఓడ మీద రెండేళ్లు, మస్కట్ హోటల్లో ఏడాది, మారిషస్ పెళ్లిళ్లలో కొన్నాళ్లు. ఇప్పుడు లిస్బన్‌లో గిటార్ పట్టుకుని సొంత పాటలు కట్టి పాడుతోంది. నేను దాని బాబాయిని, బాబూరావుని. టెక్కలిలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. మా ఇంట్లో తబలా నాది, హార్మోనియం మా అన్నయ్య భానుమూర్తిది, కోపం ఇద్దరిదీ.

పోయిన వేసవిలో వచ్చింది. సొంత పాటలతో మొదటి ఆల్బమ్ చేస్తోందట. అందులో ఒక్క పాటకైనా నాన్న హార్మోనియం ఉండాలని దాని ఆశ. అందుకే అంత దూరం నుంచి వచ్చింది పిచ్చిపిల్ల. అన్నయ్య సరేనన్నాడు గానీ, మా నాన్న పెట్టిన రివాజు జరగాల్సిందేనన్నాడు. ఇంట్లో ఎవరు కొత్త పాట కట్టినా పలాస వెళ్లి, జీడిపప్పు పొట్టు తీసే ఆడవాళ్ల ముందు పాడాలి. పని ఆగకుండా వాళ్లు గొంతు కలిపితేనే హార్మోనియం పెట్టె తెరుచుకుంటుంది.

సరే, వెళ్లాం. కళ్లు మూసుకుని ఎంత బాగా పాడిందో! ముప్ఫై మంది కత్తులు కిందపెట్టి, నోళ్లు తెరుచుకుని విన్నారు. చప్పట్లు కొట్టారు. అది అలవాటు కొద్దీ మురిసిపోయి, వంగి దండం పెట్టింది.

"పాట పోయింది," అన్నాడు అన్నయ్య.

"అందరూ చప్పట్లు కొట్టారు కదా నాన్నా!"

"సేతులు కాళీగుంటేనే కదమ్మా కొట్టేది! పనంతా ఆగిపోనాది."

నాకు ఒళ్లు మండిపోయింది. "అన్ని దేశాలోళ్లు మెచ్చుకున్న పిల్ల, అన్నియ్యా! నీ సాదస్తం తగలెయ్య!" అన్నాను. వింటేగా! టెక్కలి బస్సెక్కి వెళ్లిపోయాడు.

జ్యోత్స్న ఏడవలేదు. మర్నాడు పొద్దున్నే నన్ను లాక్కుని మళ్లీ అక్కడికే వెళ్లి, జగదాంబ పక్కన కత్తి పట్టుకుని కూర్చుంది. ముప్ఫై ఏళ్లుగా అదే పనిలో ఉన్న మనిషి జగదాంబ.

"ఓలమ్మా, అలా పొడవకే! బద్దలైపోతాది! గోరుతో సూడు, మెల్లగా తిప్పు!"

మూడు రోజులు తిట్లు తింది. రెండు వేళ్లకు ప్లాస్టర్లు పడ్డాయి. నాలుగో రోజు మధ్యాహ్నం, తన లోకంలో తనుండి, ఆ తిట్లనే కూనిరాగం తీసింది.

"గోరుతో సూడే, మెల్లగ తిప్పే, బద్దలు సెయ్యకే..."

వెనక వరసలో ఎవరో అందుకున్నారు. తర్వాత జగదాంబ. ఆ తర్వాత గదంతా! ఒక్కరూ తలెత్తలేదు, ఒక్క చెయ్యీ ఆగలేదు. జ్యోత్స్న నా వైపు చూసింది. కళ్లనిండా నీళ్లు, చెయ్యి మాత్రం ఆపలేదు.

నేను అన్నయ్యకి ఫోన్ చేసి, "ఇను, అన్నియ్యా," అని గదిలోకి పట్టాను. ఫోన్ పెట్టేశాడనుకుని తిట్టబోతున్నాను. అంతలో ఫోన్లోంచి హార్మోనియం, సరిగ్గా వాళ్ల శ్రుతిలో!

"ఏటన్నియ్యా, ఏడుత్తన్నావా?"

"నోర్ముయ్యరా," అన్నాడు, వాయించడం ఆపకుండానే. "ఫోను పాపకి దగ్గరగా పట్టు."