ఓబులేసు చిన్నాయన పడవకు తోడు

ఈ ఉదయం ప్రొద్దుటూరులో మా అంగడి షట్టరు ఎత్తగానే కాలిన వార్నీషు వాసన గుప్పున కొట్టింది. నిన్న ఒక రైతు దించిపోయిన బోరు మోటారు, లోపల వైండింగు మాడిపోయింది. ఆ వాసన తగిలితే చాలు, నేను ఒకచోట నిలవలేను. టీ చెప్పి తాగకుండా వదిలేశాను. వీధిలోకి పోయి మళ్లీ లోపలికి వచ్చాను. ఈ కుదురులేనితనం నాకు పుట్టుకతో రాలేదు, ఓబులేసు చిన్నాయన అంటించిపోయాడు. వరసకు ఆయన నాకేమీ కాడు. పులివెందులలో నేను ఇరవయ్యేళ్ల పిల్లగా పనికి చేరిన మోటార్ల అంగడికి యజమాని.

ఆయన కూర్చోగా నేను చూసింది తక్కువ. అన్నం కూడా తిరుగుతూ తినేవాడు. అంగడిలో ఆయనకొక పద్ధతి ఉండేది: రైతు ఎంత తొందరపెట్టినా చేను చూడకుండా మోటారు అమ్మకూడదు. బోరు లోతెంత, నీళ్లు ఎంతదూరం తోలాలి, చీనీ చెట్లకా అరటికా, అన్నీ మా కళ్లతో చూసి రావాలి. మొదటిసారి నన్ను పంపితే ఆ రైతు నవ్వాడు. "మోటారు సూసేదానికి ఆడపిల్లను పంపినాడేందప్పా!" అన్నాడు. నేను సగం చూసి, కళ్లనీళ్లతో తిరిగొచ్చాను. చిన్నాయన పానా తుడుచుకుంటూ విని, "రేపు మళ్లా పో. నవ్వీ నవ్వీ ఆయప్పకే దవడలు నొప్పి పుడతాయి," అన్నాడు. ఓదారుస్తాడనుకున్నాను కదా, ఒళ్లు మండింది. అయినా పోయాను.

వయసు మీదపడ్డాక ఆయన అంగడి మూసేసి, భార్యతో జమ్మలమడుగుకు కాపురం మార్చాడు. ఆమెను నేను చిన్నమ్మ అనేదాన్ని. చిన్నాయన అక్కడైనా ఊరికే ఉంటాడా? చిన్న ఫైబరు పడవ, దానికొక మోటారు కొని, లైసెన్సు తీసుకుని, మైలవరం డ్యాము నీళ్లలో వాలుగ చేపలు పట్టడం మొదలుపెట్టాడు. వల వేయడు. పడవ వెనుక రెండు గాలపు దారాలు వదిలి, మనిషి నడిచే వేగంతో లాక్కుంటూ పోతాడు. ఎర చేపలాగా కదులుతుంది, వాలుగ వెంటపడుతుంది. ఒకచోట కూర్చుని ఎదురుచూసే వేట ఆయన ఒంటికి పడదు మరి. ఇంతలో పక్షవాతం వచ్చి కుడిచేయి పట్టు తప్పింది. మిగిలిన చేత్తో మోటారు పిడి పట్టుకుని పడవ నడిపితే దారం ఎవరు లాగాలి?

"పాపా, పడవను దానంతట అదే తోలే మిషను ఉంటాదంట. మంచిది సూసిపెట్టు," అని ఫోను చేశాడు. "లేకుంటే మీ చిన్నమ్మ పడవ అమ్మేస్తాది. నన్ను అరుగు మీద కూచోబెడ్తాది. కూచుంటే నేను సచ్చిపోతా."

ఆ మాట తమాషాకు అనలేదని నాకు తెలుసు. పరికరాలు అమ్మే వాళ్లు సముద్రపు పడవలకు పెట్టే పెద్దది తీసుకోమన్నారు. చిన్నాయనకూ పెద్దదే కావాలి. మూడు హెచ్‌పీ చాలే బోరుకు అయిదు దించే పులివెందుల బుద్ధి ఎక్కడికి పోతుంది? నేను మాత్రం చూడకుండా చెప్పనన్నాను. "నా పాఠం నాకే సెప్తాండావా," అన్నాడు కానీ గొంతులో సంతోషం దాగలేదు.

వెళ్లి పడవెక్కాను. అంత నెమ్మదిగా పోయేటప్పుడు పడవ మాట వినదు, ముక్కు అటూ ఇటూ తిప్పుతుంది. బలమైన మిషను ఒక్కసారిగా తిప్పితే దారాలు రెండూ చిక్కుపడతాయి, బ్యాటరీ కూడా తొందరగా అయిపోతుంది. అందుకని మోటారు పిడికి తగిలించే చిన్నదాన్ని, ఎంత మెల్లగా తిప్పాలో మనమే సరిచేసుకోగలిగేదాన్ని అడిగి తెచ్చాను. పెట్టి చూస్తే పడవ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

"ఇదేంది పాపా, గానుగెద్దును తెచ్చినావు?"

నాకు తల కొట్టేసినట్టయింది. వెతికితే సంగతి తెలిసింది. దిష్టి తగలకూడదని చిన్నమ్మ పడవ వెనుక బల్ల కింద ఇనుప లాడాలు గుత్తిగా కట్టింది. సరిగ్గా వాటి మీదే మిషను, దాని లోపల దిక్సూచి. ఇనుము దగ్గరుంటే దిక్సూచి తప్పు చూపిస్తుంది. తీసేస్తానంటే చిన్నమ్మ ఒప్పుకోలేదు. చివరికి లాడాలను పడవ ముందుకొనకు మార్చి కట్టాం. పడవ తిన్నగా సాగింది.

నా భయం అప్పుడు మొదలైంది. ఆయన ఒంటరిగా పోతాడు. చేపను లాగుతూ నీళ్లలో పడితే? మనిషి లేడని ఈ మిషనుకు తెలియదు. మోటారుకొక ఎర్ర తాడు ఉంటుంది, దాన్ని మణికట్టుకు కట్టుకుంటే, పడినప్పుడు తాడు ఊడి మోటారు ఆగుతుంది. ఆయన వినలేదు. "నేనేమన్నా ఎద్దునా, కట్టేసేదానికి?" తాడు కట్టుకోకపోతే మిషను వెనక్కి తీసుకుపోతానన్నాను. మొహం తిప్పుకున్నాడు. సరిగ్గా అప్పుడే గాలికి ఆయన భుజం మీది తువ్వాలు నీళ్లలో పడింది. పడవ ఆగలేదు. నేను మిషను నుంచి పిడి విప్పి పడవను వెనక్కి తిప్పేలోపు ఎంతో దూరం వచ్చేశాం. తిరిగి వెళ్తే తువ్వాలు లేదు. చిన్నాయన ఆ నీళ్లకేసి చూసి చూసి, ఎడమచేయి నా ముందుకు చాపాడు. "కట్టు," అన్నాడు.

మరుసటి ఏడు ఒక మధ్యాహ్నం పెద్ద వాలుగను లాగబోయి పడనే పడ్డాడు. తాడు ఊడి మోటారు ఆగింది. ఒంటి మీద లైఫ్ జాకెట్టు ఉంది. ఒక్క చేత్తో ఈది పడవ అంచు పట్టుకుని వేలాడుతుంటే వేరే జాలరులు చూసి ఒడ్డుకు చేర్చారు. కబురు తెలిసి నేను పరుగున పోయేసరికి మంచం మీద గంజి తాగుతున్నాడు. ఏడుస్తూనే తిట్టాను. పడవ అమ్మేద్దామన్నాను.

"ఆగింది కదా పాపా. దాని తప్పేముంది?" అన్నాడు. గంజి గిన్నె కింద పెట్టాడు. "ఆగి ఆడ్నే నిలబడింది. నా తట్టుకు వస్తాదేమోనని శానాసేపు సూసినా. రాదని తెలిసినాక ఈదినా."

వారం తిరక్కుండా మళ్లీ నీళ్ల మీదికి పోయాడు. ఆ తరువాత చాలా కాలానికి ఇంట్లో, నిద్రలోనే పోయాడు. ఆ కబురు విన్నాక నేను ఎన్నో రోజులు అంగడి తెరవలేదు. ఇంట్లో ఒకేచోట కదలకుండా కూర్చుని, "పాపా" అని ఫోను వస్తుందేమోనని చూశాను. రాదని తెలిశాక లేచాను.