అందరూ చదివేసిన వ్యాసం

పొద్దున మనవరాలు టీ గ్లాసు చేతికిస్తూ, "పేరు మార్చుకుంటే పాతది కనపడకుండా పోద్దా తాతా?" అని అడిగింది. ఆ మాటతో నా చిన్నప్పటి వ్యాసం ఒకటి గుర్తొచ్చింది.

సముద్రం ఒడ్డున మా జువ్వలదిన్నె బడిలో నేను చదివేటప్పుడు తెలుగు అయ్యవారు ఇంటి గురించి వ్యాసం రాయమంటే, తాగొచ్చిన నాన్న అమ్మను కొట్టిన సంగతీ, ఆమె వలల చాటున కూర్చుని ఏడ్చిన సంగతీ ఉన్నదున్నట్టు రాసేశాను. మర్నాడు అందరి వ్యాసాలూ పైకి చదివించిన ఆయన, నా వంతు రాగానే దస్తూరి బాగుందని ఒక్క మాట అని పక్కవాణ్ణి లేపారు. బడి వదిలాక మాత్రం నన్ను ఆపి, "బాగా రాసినావురా. నేను చదివినా గదా, చాల్లే," అన్నారు. ఆ సంగతి ఆయనతోపాటే పోయింది. మా అమ్మ చివరిదాకా ఊళ్ళో తలెత్తుకునే తిరిగింది. మీ బళ్ళలోనూ అటువంటి అయ్యవారొకరు ఉండే ఉంటారు.

మనవరాలికి చిన్నప్పటి నుంచీ మూర్ఛ. నెల్లూరులో డిగ్రీ చదివేటప్పుడు వాళ్ళ మేడమ్, పిల్లలు రాసినవన్నీ పేరూ ఫోటోతో సహా ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేట్టు పెట్టించేవారు, పెడితేనే మార్కులు. మా పిల్ల తన జబ్బు గురించే రాసింది. బస్టాండులో పడిపోయి కళ్ళు తెరిచినప్పుడు చుట్టూ చేరినవాళ్ళ చెప్పులు తప్ప ముఖాలు కనిపించలేదని రాసిన చోట నేను కళ్ళు తుడుచుకున్నాను. మేడమ్ కూడా ఎంతో మెచ్చుకున్నారు. ఇప్పుడు ఉద్యోగానికి ఎక్కడికి వెళ్ళినా ముందు పిల్ల పేరు ఫోన్లో వెతుకుతున్నారు, ఆ వ్యాసమే పైకి వస్తోంది. సూళ్లూరుపేటలో ఒక ఆఫీసువాళ్ళు పొద్దున రమ్మని, సాయంత్రానికి, పడిపోతే బాధ్యత ఎవరిదని వెనక్కి తగ్గారు.

దాన్ని తీసేయమని అడగడానికి ఇద్దరం కాలేజీకి వెళ్ళాము. ఆ మేడమ్ మానేసి వెళ్ళిపోయారట, ఆ పేజీ పాస్‌వర్డ్ ఇంకెవరికీ తెలియదట. "మేమేం చేసేది పెద్దాయనా? తీసేసినా, ఇప్పటికే ఎవురెవురు దాచిపెట్టుకోనుండారో," అన్నాడు ఆఫీసులో ఆయన, మర్యాదగానే. తిరుగు బస్సులో పిల్ల ఏడవలేదు, కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మా కాలంలో ఊరి నోరు మంచిదని నేననను. కానీ ఆ మాట పొలిమేర దాటేది కాదు, కొన్నాళ్ళకు మనుషులు మరిచిపోయేవారు, మరవకపోయినా మరిచినట్టు ఉండేవారు. ఇప్పటిదానికి ఆపాటి దయ కూడా లేదు.

పోయిన వారం ఏదో కొత్త కోర్సులో సముద్రం మీద వ్యాసం రాయమన్నారట. వలల మధ్య పుట్టి, అలల చప్పుడును బట్టి గాలి మళ్ళిందని చెప్పగల పిల్ల, సముద్రం చాలా పెద్దది, అందులో నీళ్ళు ఉప్పగా ఉంటాయి అని రాసి పంపేసింది.