కింది లైన్లు ముట్టుకోని సార్

పగ తీర్చుకోవడం మంచిది కాదని చెప్పేవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళ కష్టాన్ని ఎవరూ వాళ్ళ కళ్ళముందే ఎత్తుకుపోయి ఉండరు. నాది ఎత్తుకుపోయారు. నేను తీర్చుకున్నాను. ఇప్పటికీ ఆ రోజు గుర్తొస్తే మనసు చల్లబడుతుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి సందులోకి తిరిగితే మూడో అంతస్తులో మా ఇన్‌స్టిట్యూట్. హయత్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా బస్సు, అక్కణ్ణుంచి మెట్రో. ఐదు నెలలు అలా తిరిగి వెబ్ పేజీలు చేయడం నేర్చుకున్నాను. సార్ పాఠం బాగా చెప్పేవాడు, అది ఒప్పుకోవాలి. కానీ ఆయన తన చేత్తో కోడ్ రాయగా ఒక్కసారీ చూడలేదు. పాత బ్యాచ్ వాళ్ళెవరో చేసిన పేజీ తెరిచి, పేరు మార్చి, రంగు మార్చి చూపించేవాడు. "కింద ఉన్న లైన్లు ముట్టుకోకండమ్మా. పనిచేస్తున్నదాన్ని కెలకకూడదు," అనేవాడు. మేం బుద్ధిగా నోట్సులో రాసుకునేవాళ్ళం.

చివర్లో తలా ఒక ప్రాజెక్టు చేయాలి. బాగా చేసినవాళ్ళను తర్వాతి బ్యాచ్‌కి పాఠం చెప్పడానికి తీసుకుంటానన్నాడు సార్. ఆ కుర్చీ మీద నా కన్ను పడింది.

మా నాన్న పండ్ల మార్కెట్‌లో హమాలీ మేస్త్రీ. మార్కెట్ గడ్డిఅన్నారంలో ఉన్నప్పుడు ఏ షెడ్ ఖాళీ అయిందో నాన్న ఒక్క కేక వేస్తే లారీలన్నిటికీ వినిపించేది. మార్కెట్‌ను ఊరి బయట బాటసింగారానికి మార్చాక ఆ కేక సరిపోలేదు. డ్రైవర్లు గేటు దగ్గర చాయ్ హోటల్‌లో కూర్చుని, బండి ఎక్కడ దించాలో తెలియక, నాన్న ఫోన్ మోగిస్తూనే ఉండేవాళ్ళు. అందుకని నేనొక బోర్డు చేశాను. మామూలు పేజీలో రాసింది రాసినట్టే ఉంటుంది, మళ్ళీ తెరిస్తే తప్ప మారదు. నా పేజీలో షెడ్‌కొక గడి, అన్నిటికీ పైన గమనిక అని ఒక గడి పెట్టి, ఒక్కో గడినీ ఇంటర్నెట్‌లో ఉన్న నా డేటాబేస్‌లో ఒక్కో చోటుకి కట్టేశాను. అక్కడ మాట మారిందంటే, ఆ పేజీ తెరిచి ఉన్న ప్రతి తెర మీదా ఆ క్షణమే మారుతుంది. నాన్న తన ఫోన్‌లో ఒక్క వేలితో "ఖాళీ" అని కొడితే, ఆ పేజీ తెరిచి పెట్టిన చాయ్ హోటల్ టీవీలో ఖాళీ అని పడేది. బండి దిగుతుంటే ఏ పండో ఆ పేరు పడేది. అందులో రాసే వీలు నాకూ నాన్నకూ తప్ప ఎవరికీ లేదు.

మూడు వారాలు పట్టింది. మొదట్లో ఒక్క బత్తాయి లారీ వస్తే బోర్డు మీద బత్తాయి అని నాలుగుసార్లు పడేది. పాత కట్టు విప్పకుండా మళ్ళీ మళ్ళీ కడుతున్నానని తెలుసుకోవడానికే నాలుగు రోజులు తల బద్దలుకొట్టుకున్నాను.

సార్‌కి చూపించాను. నాన్న సంగతీ చెప్పాను. ఆయన పేజీని తన లాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుని, రెండ్రోజుల తర్వాత పిలిచి, "ఇంకా లెవెల్‌కి రాలేదమ్మా. ఇంకో బ్యాచ్ కూర్చో," అన్నాడు. నమ్మాను. మెట్రోలో నిలబడి ఏడ్చాను కూడా. అది తల్చుకుంటేనే ఎక్కువ మండుతుంది.

ఆ శనివారం పొద్దున కొత్త బ్యాచ్ కోసం ఫ్రీ డెమో పెట్టారు. హాలు నిండా కొత్తవాళ్ళు, కొందరి వెంట తల్లిదండ్రులు. ఇంకో బ్యాచ్ కూర్చోమన్నాడు కదా అని నేనూ పోయి వెనక వరసలో కూర్చున్నాను. సార్ ప్రొజెక్టర్ ఆన్ చేశాడు. గోడ మీద నా బోర్డు, దాని పైన ఆయన ఫోటో.

"నేనే బాటసింగారం వెళ్ళి, వాళ్ళ కష్టం కళ్ళారా చూసి చేశానండీ," అన్నాడు. చప్పట్లు కొట్టారు.

నా ఒళ్ళు భగ్గుమంది. అంతలో ఏడో షెడ్ గడిలో "బత్తాయి" పోయి "ఖాళీ" వచ్చింది. అది మా నాన్న వేలు! సార్ పేరు మార్చాడు, రంగు మార్చాడు, కింది లైన్లు మాత్రం ముట్టుకోలేదు. నా డేటాబేస్ అడ్రస్ ఉన్నది ఆ లైన్లలోనే.

ఫోన్ తీశాను. ముందు కంటపడిన నాలుగో షెడ్ గడిలో "దొంగ" అని కొట్టాను. గోడ మీద పడింది. హాలు గొల్లుమంది. సార్ వెనక్కి తిరిగి చూసి, తడబడి, అంతలోనే తనూ నవ్వేశాడు.

"ఇది మార్కెట్ వాళ్ళు ఎంటర్ చేసేదండీ. చదువు రాని హమాలీల చేతికి ఫోన్ ఇస్తే ఇలాగే ఉంటుంది."

అందరూ ఆయనతో పాటు నవ్వారు. నా ఫోన్ మోగింది. నాన్న. తలుపు దగ్గరికి పోయి ఎత్తాను.

"ఏం రాసినవ్ బిడ్డా? టీవీల నాలుగో షెడ్ దొంగ అని ఒచ్చింది. ఆడ పుచ్చకాయలు దించుతున్న డ్రైవర్ నా కాలర్ పట్టుకున్నడు."

నా కళ్ళకు సార్ తెర ఒక్కటే కనిపించింది. కోపంలో, నా చేత్తో నేనే కట్టిన రెండో తెరను మరిచిపోయాను. గొంతు తగ్గించి జరిగిందంతా చెప్పాను, సార్ హమాలీలను అన్న మాటతో సహా. తిడతాడనుకున్నాను. నాన్న తిట్టలేదు.

"మరి ఒట్టిగ దొంగ అంటే ఎట్ల బిడ్డా? ఈడ ప్రతొక్కడు నన్నే అన్నరని పరేషాన్ అయితున్నడు. జర ముందుగాల ఆ డ్రైవర్‌ది మంచిగ చెయ్యి. పైన గమనిక ఉంటది గదా, గాడ రాయి. ఎవరు దొంగనో సాఫ్‌గ రాయి."

ఫోన్ పెట్టేయకుండానే నాలుగో గడిలో "పుచ్చకాయ" అని సరిచేశాను. గమనిక గడిలో రాశాను: "ఈ బోర్డు చేసింది హమాలీ మేస్త్రీ బిడ్డ. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇది తనదని చూపిస్తున్న సారే దొంగ."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సార్ రిఫ్రెష్ కొట్టాడు. అదే వచ్చింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే. ముందు వరసలో ఎవరి తండ్రో లేచి, "ఎవరండీ ఆ అమ్మాయి?" అని అడిగాడు. నేను తలుపు దగ్గర నుంచే చెయ్యెత్తాను. సార్ మొహం మాడిపోయింది. నేను కళ్ళు దించలేదు, ఆ మొహాన్ని తనివితీరా చూశాను. తర్వాత ఆ కుర్చీ నాకు రాలేదు, సర్టిఫికెట్ కూడా ఇవ్వలేదు. పోతే పోయాయి.

సార్ చివరికి ప్రొజెక్టర్ వైరే పీకేశాడు. గోడ ఖాళీ అయింది. నేను ఫోన్ మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నాను. బాటసింగారంలో టీవీ వైరు పీకేవాళ్ళు ఎవరూ లేరు. మా నాన్న డ్రైవర్లకు చదివి వినిపిస్తున్నాడు, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. "హమాలీ... మేస్త్రీ... బిడ్డ." ఎవరో మళ్ళీ చదవమన్నారు. నాన్న మొదటి నుంచి మళ్ళీ చదివాడు.